తొంభై దగ్గర ఆగిన ముల్లు

డిటెక్టివ్ డైవర్ల షెడ్డుకి వచ్చేసరికి మధ్యాహ్నం ఒకటీ యాభై అయింది. ఆమె కింది పెదవిలో ఎడమ సగం ఆమెది కాదు. పంటి డాక్టరు పన్నెండున్నరకి సూది పొడిచి, దవడ పన్ను పీకి, నాలుగింటిదాకా మొద్దుగానే ఉంటుందని చెప్పి పంపాడు. మాటలు తగ్గించమని కూడా అన్నాడు. అది ఆమె వృత్తికి కుదరని సలహా.

ఇన్‌స్పెక్టర్ కూడా నాలుగింటికే గడువు పెట్టుకున్నాడు. ఆ లోపు ఇంకేమీ తేలకపోతే చనిపోయిన మనిషి కూతురి మీద కేసు రాసేస్తానని ఫోన్లోనే చెప్పాడు.

కేసు చూడటానికి చిన్నది. మూడు రోజుల కిందట జలాశయం రెండో తూము జాలీకి పట్టిన చెత్త చూసి రావడానికి నలభై ఏడేళ్ళ డైవరు పొద్దున తొమ్మిదీ పదికి నీళ్ళలో దిగాడు. పద్దెనిమిది మీటర్ల లోతు, అరగంట పని. తొమ్మిదీ నలభై ఎనిమిదికి కూడా పైకి రాకపోతే, ఒడ్డున కాచుకుని ఉన్న అతని జోడీ తాడు వెంట కిందికి వెళ్ళాడు. పదీ రెండుకి ప్రాణం లేని మనిషిని పైకి తెచ్చాడు. తర్వాత చూస్తే సిలిండర్‌లో గాలి సున్నా. గాలి ఎంతుందో చూపించే గేజీ మాత్రం, నిండు సిలిండర్‌కి రెండు వందలు చూపించేది, తొంభై అంటోంది. ముల్లు అక్కడ ఇరుక్కుపోయింది. ఇంకా సగం గాలి ఉందనుకుని మనిషి కింద ఉండిపోయాడు, ఊపిరాడక పోయాడు, అని ఇన్‌స్పెక్టర్ లెక్క తేల్చాడు. ఆ గేజీని పరీక్షించి, జాకెట్‌కి బిగించి, చిట్టాలో సంతకం పెట్టింది కూతురే. షెడ్డులో ఆమె ఉద్యోగం అదే.

ఇన్‌స్పెక్టర్ షెడ్డు వాకిట్లోనే ఎదురయ్యాడు. ముప్పై దాటని మనిషి. మాటకోసారి చేతి గడియారం చూసుకునే అలవాటు.

"రెండు గంటలే ఉంది మేడమ్. మీరు నత్త నడక నడిస్తే నేను ఆగను."

ఆమె నవ్వబోయింది. సగం మూతే నవ్వింది. ఆయన దాన్ని వెక్కిరింత అనుకున్నాడు.

"గేజీ ఆ పిల్లకి చూపించారా?" అని అడిగింది ఆమె. మాట కాస్త ముద్దగా వచ్చింది.

"ఆమె సంతకం ఆమెకి చూపించాను. ‘నువ్వే బిగించావా’ అన్నాను. ‘నేనే’ అంది. ఇంకేం కావాలి?"

"ఎక్కడ బిగించావని అడిగారా?"

"ఎక్కడేముంది? జాకెట్‌కి." ఆయన గడియారం చూసుకున్నాడు. "మీకు ఫీజు ఇచ్చేది ఆ పిల్ల మేనత్త. మీకు తోచినట్టు మీరు వెతకండి. నాకు తోచింది నేను రాస్తాను."

కూతురు లోపల బల్ల మీద రబ్బరు గొట్టాలు తుడుస్తూ కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళు ఉంటాయి. తండ్రి పోయిన మూడో రోజున ఎందుకు పనికి వచ్చావంటే, ఇంట్లో ఏం చేయాలో తెలియలేదంది. తుడిచిన గొట్టాన్నే మళ్ళీ తుడుస్తోంది. ఏడ్చిన జాడ కూడా ముఖంలో లేదు. పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు అన్నిటికీ ఒకే గొంతుతో జవాబిచ్చింది. ఏడున్నరకి సిలిండర్ నింపింది. ఎనిమిదింటికి గేజీలు చూసింది. ఎనిమిదీ ఇరవైకి సంతకం పెట్టింది. తొమ్మిదీ పది నుంచి నాన్న నడుము తాడు పట్టుకుని ఒడ్డున నిలబడింది. పదీ ఇరవైకి అంబులెన్సులో తండ్రి శవంతో వెళ్ళింది, జోడీ బాబాయ్ కూడా వచ్చాడు. జాకెట్‌నీ సిలిండర్‌నీ మళ్ళీ చూడలేదు.

"గేజీ ఎక్కడ బిగించావమ్మా?"

గుడ్డ ఆగింది.

"ఎక్కడ బిగించాలో అక్కడే."

"అంటే?"

"గోడ మీద చార్టు ఉంది కదా మేడమ్."

గోడ మీద నిజంగానే చార్టు ఉంది. మనిషి బొమ్మ, దాని చుట్టూ బాణాలు. ప్రెషర్ గేజీ ఎడమ ఛాతీ రింగుకి. లోతు గేజీ ఎడమ మణికట్టుకి. దిక్సూచి కుడి మణికట్టుకి. కత్తి పిక్కకి. కింద సేఫ్టీ ఆఫీసర్ సంతకం.

ఆ ఆఫీసరే రెండు కప్పుల టీతో వచ్చాడు. ముప్పై రెండేళ్ళుంటాయి. చొక్కా మడత నలగలేదు. ఆ చార్టు తన చేత్తో గీసిందేనని చెప్పుకున్నాడు. నీళ్ళలో దిగనివాడు నీళ్ళ రూల్స్ రాయడమేంటని డైవర్లు మొదట్లో నవ్వారట. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదట.

"అడ్డదిడ్డంగా వేలాడేది ఏదైనా జాలీలో చిక్కుకుంటుంది మేడమ్. అదే ఛాతీ మీదుంటే తల వంచితే చాలు, కనిపిస్తుంది. ఆయనది కూడా చార్టు ప్రకారమే ఉంది, నేనే చూశాను. పాపం, గేజీ మోసం చేసింది." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కూతురివైపు జాలిగా చూశాడు.

డిటెక్టివ్ టీ తాగబోతే మొద్దు పెదవి పక్కనుంచి గడ్డం మీదికి కారింది. ఆఫీసర్ మర్యాదగా జేబురుమాలు ఇచ్చాడు. ఆ పొద్దున తాళాల సంగతి అడిగితే దాచకుండా చెప్పాడు. షెడ్డుకి రెండే తాళంచెవులు. ఒకటి ఈ అమ్మాయి దగ్గర, ఒకటి తన దగ్గర. సరంజామా అంతా లోపల పెట్టించి పదీ ఇరవై అయిదుకి తాళం వేశాడు. పదకొండూ నలభైకి ఇన్‌స్పెక్టర్ వస్తే తీశాడు. రిపోర్టు కోసం జోడీని మూడింటికి ఓసారి కిందికి పంపాలి, ఏర్పాట్లు చూసుకోవాలి అని చెప్పి వెళ్ళిపోయాడు. నిమ్మకు నీరెత్తినట్టున్న మనిషి.

తర్వాత ఆమె షెడ్డు చివరికి నడిచింది. మూల బల్ల మీద, పోలీసు చీటీ కట్టిన చనిపోయినవాడి జాకెట్‌ను చూస్తూ నిలబడింది. తడి ఆరిపోయి బిరుసెక్కింది. పక్కనున్న నలుపు ఈత సూటు కుడి చేతి గుడ్డ మోచేతి దాకా చినిగి ఉంది. పైకి లాగేటప్పుడు చినిగిందని ఇన్‌స్పెక్టర్ కాగితంలో ఉంది. గేజీ ఎడమ ఛాతీ రింగుకి కొక్కెంతో వేలాడుతోంది. పొట్టి గొట్టం. బొమ్మలో ఉన్నట్టే, అంగుళం తేడా లేకుండా.

ఆమె జాకెట్ తొడుక్కుంది. ఎందుకు తొడుక్కున్నావని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. చేతులకి ఏదో ఒక పని కావాలి కాబట్టి. తల వంచి గేజీ చూసింది.

అంకెలు లేవు. తెల్లటి పళ్ళెం మీద చీమలు పాకుతున్నాయి.

గేజీని కంటికి దూరం జరపబోయింది. పొట్టి గొట్టం రానివ్వలేదు. గడ్డం ఇంకా వంచింది. చీమలు ఇంకా పెద్దవయ్యాయి తప్ప అంకెలు కాలేదు. ఆమె వయసు నలభై నాలుగు. కొని ఎనిమిది నెలలైన కళ్ళజోడు బ్యాగులో పెట్టె విప్పకుండా ఉంది. పేపరు చేతులు బారచాపి చదువుతుంది, అలా చదవడం ఎవరైనా చూస్తే మడిచేస్తుంది.

బారచాపిన తన ఖాళీ చేతిని ఆమె చూసుకుంది. తర్వాత జాకెట్ విప్పి రింగులు ఒక్కొక్కటే తడిమింది.

ఛాతీ రింగు మీద నీళ్ళ సున్నం తెల్లటి పొరగా పేరుకుని ఉంది. నెలల తరబడి ఎవరూ ముట్టనట్టు. ఆ పొర మీద కొక్కెం గీసిన కొత్త గీతలు రెండే రెండు. ఎడమ నడుము కింద ఇంకో రింగు ఉంది. చార్టులో దానికి బాణం లేదు. అది మాత్రం రోజూ తోమే చెంచాలా మెరుస్తోంది. సూటుకి ఆ రింగు తగిలే చోట, ఎడమ తొడ మీద, ఏదో బరువైనది ఒరుసుకుని అరచేయంత మేర నున్నగా అరిగిపోయింది.

రెండూ నలభై అయిదు.

ఆమె కూతురి పక్కన బల్ల మీద కూర్చుంది. బ్యాగులోంచి కళ్ళజోడు పెట్టె తీసి ఇద్దరి మధ్యా పెట్టింది.

"నాకు చత్వారం వచ్చింది. మా ఇంట్లో వాళ్ళక్కూడా చెప్పలేదు. మీ నాన్నకి ఎప్పుడొచ్చింది?"

ఆ పిల్ల పెట్టెవైపు చూసింది. గుడ్డ మడత పెట్టింది. మళ్ళీ విప్పింది.

"పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు మేడమ్."

"నా పెదవి ఇవాళ పనిచేయడం లేదులే, చెప్పు."

పిల్ల నవ్వలేదు గానీ ఊపిరి వదిలింది. రెండేళ్ళయిందట. ఒక రోజు పైకి వచ్చి, కింద అంకెలు కనపడలేదే అన్నాడట. నీళ్ళలో ఏ వస్తువైనా ఉన్న దానికంటే దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది. చత్వారం ఉన్నవాడికి అది ఇంకా కష్టం. డాక్టరుకి చెబితే ఫిట్‌నెస్ పోతుంది, ఇంకో పని చేతకాదు. అందుకని తండ్రీ కూతురూ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. పొడుగు గొట్టానికి జంట గేజీ వేసి నడుము రింగుకి తగిలించారు. ఒకవైపు గాలి, ఒకవైపు లోతు. మణికట్టు గేజీ మానేశాడు. చూడాలంటే కొక్కెం విప్పి, చేయి చాపి, దూరంగా పట్టుకునేవాడు. సెల్యూట్ కొడుతున్నావా అన్నా అని జోడీ బాబాయ్ ఎగతాళి చేసేవాడు. ఆయనకీ చివరికి తెలిసిపోయింది, రోజూ పక్కన ఈదే మనిషికి తెలియకుండా ఎలా ఉంటుంది. ఒడ్డు మీద తనిఖీ ఉన్నప్పుడల్లా గేజీని జాకెట్ మడతలో దోపేసేవాడు.

"మరి ఇన్‌స్పెక్టర్‌కి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే, కళ్ళు కనపడనివాడు దిగాడు, చచ్చాడు అంటారు. ఇరవై మూడేళ్ళు పని చేశాడు మేడమ్. చివరికి అదే మిగులుతుంది." గొంతు ఎక్కడా పెరగలేదు. "దానికంటే నా తప్పని రాసుకోనివ్వండి. నాకు పర్వాలేదు. నాకిప్పుడు ఏదీ అంతగా తెలియడం లేదు."

డిటెక్టివ్ ఆమె చేయి పట్టుకుని లేపి, మూల బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. కూతురు ఆ జాకెట్ ఛాతీ రింగుకున్న గేజీని తిప్పి వెనక నంబరు చదివింది. ఆ చిన్న అంకెలు ఆమెకి ఇట్టే కనిపించాయి.

"ఇది నేను పెట్టింది కాదు."

"తెలుసు."

"ఇది పాడైపోయింది. పోయిన ఏడాది నేనే ఏరి పక్కన పడేశాను. ఇలాంటివి రెండు. పైనుంచి తొంభై దాకా సరిగ్గానే దిగుతాయి, అక్కడ మొరాయిస్తాయి. తిప్పి పంపమని ఆఫీసర్ గారి చేతికిచ్చాను." చిట్టా పాత పేజీ తిప్పి చూపించింది. రెండు నంబర్లూ ఉన్నాయి. పక్కన ఆఫీసర్ పొట్టి సంతకం.

"మీ నాన్న జంట గేజీలో ఏముంటుంది, ఎవరైనా దాచాలనుకునేది?"

కూతురు ఆలోచించింది. లోతు గేజీలో ఎర్రముల్లు ఒకటి ఉంటుందంది. మనిషి ఎంత లోతుకి వెళ్తే అక్కడిదాకా వెళ్ళి, తిరిగి రాకుండా అక్కడే ఉండిపోతుంది. పొద్దున దాన్ని సున్నాకి తిప్పింది తనే.

మూడూ పదికి డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌ని లోపలికి పిలిపించింది. ఆయన అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"కేసు పడబోయే మనిషి మాట సాక్ష్యమా మేడమ్? రేపు ఇంకో గేజీ తెచ్చి, ఇదే మా నాన్నది అంటుంది."

"మాట వదిలేయండి, రింగు చూడండి. సున్నం అబద్ధమాడదు. గేజీ ఛాతీకి తగిలించింది చనిపోయాక. ఆ రోజు మీరు వచ్చేలోపు, ఆ గంటంపావులో ఈ జాకెట్ మీద చేయి వేయగలిగినవాళ్ళు ఎందరు?"

"ముగ్గురు. ఈ అమ్మాయి, జోడీ, ఆఫీసర్."

"మొదటి ఇద్దరూ అంబులెన్సులో ఉన్నారు. ఉండకపోయినా, ఆయన గేజీ ఎక్కడ వేలాడుతుందో వాళ్ళకి తెలుసు. వాళ్ళు మార్చి ఉంటే నడుముకే తగిలించేవాళ్ళు. ఛాతీకి తగిలించేది ఎవరు? ఆయన ఈదడం ఎన్నడూ చూడనివాడు. గోడ మీద బొమ్మ చూసి మాత్రమే తెలిసినవాడు."

ఇన్‌స్పెక్టర్ చార్టువైపు చూశాడు. కింద సంతకం చదివాడు. ఒప్పుకోవడం ఆయనకి కష్టంగా ఉంది, అది దవడలో తెలుస్తోంది.

"చార్టు గీసినందుకు మనిషిని పట్టుకోమంటారా? గుమ్మడికాయల దొంగ అంటే ఆయన భుజాలు కూడా తడుముకోలేదు. మీకు టీ ఇచ్చాడు."

"నేను ఒలకబోసుకున్నాను. ఆ జోడీని ఒక్కమాట అడిగితే తేలిపోతుంది, అన్నని ఎంత లోతులో చూశావని. అడిగారా?"

"పద్దెనిమిది అని పర్మిట్‌లో ఉంది."

"పర్మిట్‌ని అడగలేదు."

ఆయన మొదటిసారి గడియారం చూడకుండా నిలబడ్డాడు. కూతురు చెప్పింది, బాబాయ్ మూడూ అయిదుకి నీళ్ళలో దిగాడని. సిలిండర్ తాను నింపలేదని, ఇవాళ నువ్వు ముట్టుకోకు, నేనే చూసుకుంటానని ఆఫీసర్ గారన్నారని. అదే గొంతుతో, తుడవాల్సిన గొట్టాల సంగతి చెబుతున్నట్టు చెప్పింది. చెప్పాక తన మాట తనకే వినిపించింది. లేచి నడిచింది. గుమ్మం దాటాక పరుగెత్తింది.

మూడూ ముప్పై ఒకటికి ముగ్గురూ రేవు చప్టా మీద ఉన్నారు. అక్కడ మనుషులెవరూ లేరు. రెండు తాళ్ళు ఉన్నాయి. ఒకటి అడుగున సీసం గుండుతో తిన్నగా కిందికి దిగిన దారి తాడు. రెండోది మనిషి నడుముకి కట్టిన తాడు. దాన్ని ఎవరో ఒకరు చేత్తో పట్టుకునే ఉండాలి. అది ఇనుప స్తంభానికి ముడివేసి ఉంది.

కూతురు ముడి విప్పి నాలుగుసార్లు లాగింది. పైకి రమ్మని గుర్తు. కింద నుంచి నాలుగు తిరిగి రావాలి. రాలేదు. మళ్ళీ లాగింది. గుక్క తిప్పుకోకుండా లెక్కపెడుతోంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. మూడోసారికి రెండు వచ్చాయి. బలం లేని రెండు.

"లాగండి. తొందరగా వద్దు, నేను చెప్పినట్టు లాగండి."

ఇన్‌స్పెక్టర్ టోపీ ఎక్కడో పడిపోయింది. ముగ్గురూ లాగారు. నీళ్ళు పగిలి జోడీ పైకి వచ్చాడు. కొంగ కాళ్ళ మనిషి, ముఖం బూడిద రంగు. నోట్లో పెట్టుకునే రబ్బరు అప్పటికే ఊసేశాడు. చప్టా మీద బోర్లా పడి గాలి మింగాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, తిన్నగా పడుకోబెట్టండి అంటూనే కూతురు అతన్ని వెల్లకిలా తిప్పింది.

గేజీ అతని ఎడమ ఛాతీ రింగుకి ఉంది. బొమ్మలో ఉన్నట్టే. ఆమె సిలిండర్ మీట నొక్కింది. గాలి చప్పుడు రాలేదు. గేజీవైపు చూసింది.

"తొంభై," అంది.

చిట్టాలో చూపించిన రెండో నంబరు. ఇన్‌స్పెక్టర్ వంగి తన కళ్ళతో చదువుకున్నాడు.

జోడీ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. ఇకనుంచి అందరూ చార్టు ప్రకారమే ఉండాలని ఆఫీసర్ తన చేత్తో బిగించాడు. అన్న దొరికింది పద్దెనిమిదిలో కాదు, ముప్పై ఒకటిలో. అక్కడ పాత తూము నోరు ఉంది. ఉక్కు మూత వేసి మూసేశామని పోయిన ఏడాది ఆఫీసరే సంతకం పెట్టాడు. మూత లేదు. వెనక తలుపు కారుతోంది, దగ్గరికెళ్తే నీళ్ళు లోపలికి లాగుతాయి. అన్న కుడి చేయి అందులో ఇరుక్కుంది. ఇరుక్కున్నప్పుడు సిలిండర్‌లో గాలి ఉండే ఉంటుంది, అది అయిపోయేదాకా చేయి రాలేదు.

"ఆ మూత ఓసారి చూసి రా, కాగితం అక్కర్లేదన్నాడంట ఆఫీసర్ అన్నతో. నేను అడిగితే, ఆ లోతు బయటపెడితే ఆ రోజు ఒడ్డున తాడు పట్టుకుని వదిలిన పిల్ల మీదికే వస్తుందన్నాడు. అందుకే నోరు మూసుకున్నానమ్మా."

కూతురు తండ్రి కోసం, బాబాయ్ కూతురి కోసం. ఒకరి కోసం ఒకరు మూడు రోజులు నోరు కుట్టుకున్నారు. మూడోవాడికి ఆ దారమే ఆధారమైంది.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి పుస్తకం తీశాడు. చేతులు తడిగా ఉండి పేజీ అంటుకుపోయింది. కూతురు ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"రాయండి సార్. మా నాన్నకి చత్వారం. ఛాతీ మీద గేజీ ఆయనకి కనపడదు. అందుకే నడుముకి పెట్టాను, నేనే పెట్టాను. అలాగే రాయండి, ఒక్క అక్షరం తగ్గకుండా."

అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, ఎవరి కళ్ళలోంచో వస్తున్న నీళ్ళలాగా.

డిటెక్టివ్ పెదవి చిటపటలాడింది. సూదులు గుచ్చుతున్నట్టు ఒక్కో చోటా ప్రాణం వస్తోంది. దవడలో నొప్పి మొదలైంది.

అప్పుడే ఆనకట్ట మీద సైరన్ మోగింది.

అది మనుషులు మోగించేది కాదు. తూము తలుపుల మోటారు కదిలితే దానంతటదే మోగుతుంది. మోటారు గదికి కిటికీ అవతలివైపే ఉంది. అక్కడున్నవాడికి రేవు కనపడదు. నీళ్ళలో మనిషి ఇంకా ఉన్నాడనే ఆఫీసర్ లెక్క.

"మనిషి దిగినప్పుడు తలుపులు ఎత్తరు," అంది కూతురు, కళ్ళు తుడుచుకోకుండానే.

ఇన్‌స్పెక్టర్ మెట్లవైపు పరుగు తీశాడు. డిటెక్టివ్ కదలలేదు. ఆమె దారి తాడునే చూస్తోంది. ఇంతసేపూ తిన్నగా, నిశ్చలంగా వేలాడిన తాడు మెల్లగా పక్కకి వాలింది. కింద ఏదో దాన్ని గోడవైపు లాగుతోంది, మూత వేసేశామని కాగితం చెబుతున్న చోటికి. స్తంభం దగ్గర ముడి కిర్రుమంది.

తాడు బిగిసింది.